శీఘ్రఫలాశయు నిరీక్షణయు

1854వ సంవత్సరము జనవరి మొదటిదినమున, సూర్యోదయమునకు మున్ను, మిషనరీలైన జ్యూయెట్ దంపతులతో కూడ ఒంగోలు కొండపై మోకరించినవారు మొత్తము ఐదుగురే. ఆ పట్టణమునకొక మిషనరీని పంపుమని వారు ప్రార్థింపగా, జాన్ క్లౌ అచ్చట నివాసమేర్పఱచుకొనునప్పటికి పండ్రెండేండ్లు గడచెను.

1876–78 మహాక్షామమున క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంతభాగము త్రవ్వుటకు గుత్త గైకొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించి, వారు విశ్రమించు వేళలయందు బోధకులచే వాక్యము వినిపించెను. ఐనను బాప్తిస్మము కోరి వచ్చినవారిని, వీరు అన్నమునకై వచ్చిరను మాటకు తావులేకుండుటకై, క్షామము తగ్గువఱకు నిలిపియుంచెను. 1878 జూలై 3న వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరని మనము సంతోషముతో స్మరింతుము గాని, దానికి ముందు నడచిన ఆ నిగ్రహమే మాకు ఘనతరముగా దోచుచున్నది.

అట్టి నిగ్రహమునకు భిన్నముగా, నేడు స్వస్థతకు తేదీని, ఉద్యోగమునకు గడువును వేదికలపై వాగ్దానము చేయువారు కలరు. రెండేండ్లలో బబులోను కాడి విఱుగునని యెరూషలేమున పలికిన అబద్ధప్రవక్తయగు హనన్యా మాటయు వినువారికి ఇంపుగానే యుండియుండును. డెబ్బదియేండ్లని చెప్పిన యిర్మీయా ప్రవక్తయో, చెరలోనివారిని అచ్చటనే ఇండ్లు కట్టి తోటలు వేసికొమ్మని వ్రాసెను. రోగితో రేపే లేచెదవని పలికి వెడలిపోవువానికంటె, ఏ గడువును చెప్పక రాత్రియెల్ల శయ్యకడ కూర్చుండి ప్రార్థించు సంఘపు పెద్దయే మాకు పూజ్యుడు. అట్టివారి అనుభవములకే ఈ సంచికలో అగ్రస్థానమొసగితిమి.