బస్సు కండక్టర్ కాదు

మన వార్షికోత్సవం ఎప్పుడూ ఒకే తీరు. ప్రార్థన గీతం, సినిమా పాటలకు డాన్సులు, చివర పోయినేడు ఆడిన నాటికే మళ్ళీ. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా నా రూమ్మేటు మెస్ భోజనం మీద ఒక నాటిక రాశాడు. "కొత్తది ఎవరు చూస్తార్రా? చీఫ్ గెస్ట్ ఏమనుకుంటారు?" అన్నారు పెద్దలు. ఆ నోటుబుక్కు ఏమైందో ఇప్పుడు వాడికే తెలియదు.

అందుకే తమ్ముళ్ళకు ఎరిక్ క్లైబర్ అనే కండక్టర్ సంగతి చెప్పాలనిపించింది. టికెట్లు కొట్టే కండక్టర్ కాదులెండి. ఒపేరా అంటే మన పద్యనాటకంలా పాడుతూ ఆడే నాటకం. వందమంది వాద్యకారులను, వేదిక మీది గాయకులను చేతి సైగతో ఒక్కటిగా నడిపేవాడు కండక్టర్. వియన్నాలో 1890లో పుట్టిన క్లైబర్, 1923లో బెర్లిన్ ప్రభుత్వ ఒపేరాకు సంగీత దర్శకుడయ్యాడు. మొజార్ట్, బీథోవెన్‌లతోనే హాయిగా రోజులు గడిపేయవచ్చు. ఎవరూ తప్పు పట్టరు.

ఆల్బన్ బెర్గ్ రాసిన 'వొట్సెక్'ను ఆయన తలకెత్తుకున్నాడు. ఈ ఒపేరా కథ మనకు కొత్తేమీ కాదు. వొట్సెక్ ఒక పేద సిపాయి. కెప్టెన్‌కు గడ్డం గీస్తాడు. డాక్టరు ప్రయోగాల కోసం వట్టి చిక్కుడు గింజలు తిని బతుకుతాడు. వచ్చిన చిల్లర మేరీకి, బిడ్డకు ఇస్తాడు. నీకు నీతి లేదని కెప్టెన్ అంటే, నీతిగా ఉండటానికి కూడా డబ్బుండాలి అన్నట్టు జవాబిస్తాడు. చివరికి మేరీని చంపి తానూ చస్తాడు. సంగీతం కూడా వినగానే చెవికెక్కేది కాదు. నెలల తరబడి రిహార్సల్స్ చేయించి, 1925 డిసెంబర్ 14న క్లైబర్ దాన్ని మొదటిసారి ప్రదర్శించాడు. పత్రికల్లో కొందరు తిట్టిపోశారు. అయినా 1926లో ప్రాగ్, 1927లో లెనిన్‌గ్రాడ్ ఆడాయి. 1929లో ఓల్డెన్‌బర్గ్ అనే చిన్న ఊరి థియేటరూ ఆడింది. మనవల్ల కాదనేవాళ్ళు ఈ ఒక్క ఊరినీ గుర్తుపెట్టుకోవాలి.

నాజీలు వచ్చాక బెర్గ్ సంగీతానికి జర్మనీలో చోటు లేకుండా పోయింది. క్లైబర్ యూదుడు కాదు, నోరు మూసుకుంటే కుర్చీ ఆయనదే. 1934 నవంబర్ 30న బెర్గ్ కొత్త ఒపేరా 'లులు'లోని సంగీత భాగాలను అదే బెర్లిన్‌లో వినిపించాడు. నాలుగు రోజులకు రాజీనామా ఇచ్చి, తర్వాత దేశమే విడిచాడు. బెర్గ్ 1935లోనే పోయాడు. క్లైబర్ మాత్రం 1952లో లండన్ కోవెంట్ గార్డెన్‌లో వొట్సెక్‌ను మళ్ళీ నడిపించాడు.

క్లైబర్ ఎక్కువ రాత్రులు నడిపింది పాత ఒపేరాలే కదా అనవచ్చు. నిజమే. నాకు నచ్చింది కూడా అదే. పాతవాటితో సంపాదించుకున్న పరపతిని ఒక కొత్తవాడి కోసం ఖర్చుపెట్టాడు. బెర్గ్‌కు ప్రతిభ ఉంది, వేదిక లేదు. వేదిక తాళంచెవి క్లైబర్ దగ్గర ఉంది. అదీ ప్రజల డబ్బుతో నడిచే వేదిక, మన హాస్టల్ వేదికలాగే.

కాబట్టి వార్డెన్ గారికీ, ఉత్సవ కమిటీలో ఉన్న పూర్వ విద్యార్థులకూ నా మనవి ఒక్కటే. ఈసారి మన పిల్లలు రాసిన నాటికకు అరగంట ఇవ్వండి. అదీ చీఫ్ గెస్ట్ ప్రసంగానికి ముందు. తర్వాతైతే సగంమంది నిద్రపోతారు, మిగతా సగం భోజనాల లైన్లో ఉంటారు.