మూత్రంలో నెత్తురు: ఉపేక్ష తగదు

మూత్రం ఎర్రగా పోతే మన పల్లెల్లో ముందు వచ్చే మాట "వేడి చేసింది". బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, మజ్జిగ తాగిస్తారు. రెండు రోజుల్లో ఎరుపు పోతుంది. జబ్బు పోయిందనుకుని పనుల్లో పడతారు. ప్రమాదం ఇక్కడే ఉంది. మూత్రాశయంలో క్యాన్సర్ గడ్డ నొప్పి లేకుండా నెత్తురు చూపించి, దానంతటదే ఆగి, నెలల తర్వాత మళ్లీ చూపించడం కద్దు.

నెత్తురు పడిన ప్రతివారికీ క్యాన్సర్ ఉన్నట్టు కాదు. రాళ్లు, చీము, పురుషుల్లో ప్రొస్టేటు గ్రంథి పెరగడం కూడా కారణాలు కావచ్చు. తేల్చవలసింది డాక్టరే గాని ఇరుగుపొరుగు కాదు.

ఆలస్యానికి మూల్యమెంతో ఆపరేషన్ల తేడా చూస్తే తెలుస్తుంది. గడ్డ లోపలి పొరల్లోనే ఉంటే పొట్ట కోయనక్కర లేదు. నడుముకు మత్తు సూది వేసి, మూత్రమార్గం గుండా గొట్టం పంపి, కరెంటు తీగతో గడ్డను గోకి తీస్తారు. మళ్లీ రాకుండా, అవసరమైనవారికి, పిల్లలకు క్షయ రాకుండా వేసే బి.సి.జి. మందునే వారానికోసారి ఆరు వారాలు మూత్రాశయంలోకి ఎక్కిస్తారు. అయినా ఇది మళ్లీ మొలిచే గడ్డ. మూడు నెలలకు, ఆపై చెప్పిన గడువులకు గొట్టం పరీక్ష మానరాదు.

అదే గడ్డ కండలోకి దిగితే చాలామందికి మూత్రాశయాన్నే తీసివేయవలసి వస్తుంది. పురుషులకు ప్రొస్టేటు, స్త్రీలకు తరచు గర్భసంచి కూడా తీస్తారు. చిన్నపేగు ముక్కతో మూత్రానికి దారి చేసి, పొట్ట మీద సంచి అతికిస్తారు. కొందరికి పేగుతోనే కొత్త మూత్రాశయం కుడతారు. కొద్దిమందికి మాత్రం గడ్డ గోకి, మందులతో పాటు కరెంటు పెట్టి మూత్రాశయాన్ని నిలుపుతారు. సంచితో బతకడం నామోషీ కాదు. కాని ముందే వస్తే ఆ అవసరమే రాకపోవచ్చు.

ఈ జబ్బుకు పెద్ద కారణం పొగ. పొగాకు పండించే మన ప్రకాశం జిల్లాకు ఇది చేదు నిజం. చుట్ట, బీడీ పొగలోని విషం నెత్తురులో కలిసి, మూత్రంతో చేరి మూత్రాశయంలో గంటల తరబడి నిలుస్తుంది.

నెత్తురు పడుతున్నదని వచ్చినవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు మాత్రలిచ్చి పంపక, పెద్దాసుపత్రికి చీటీ రాయాలి. అక్కడ గొట్టం పరీక్షకు నెలల వాయిదా ఉండరాదు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో క్యాన్సర్ ఆపరేషన్లున్న సంగతిని అధికారులు ఊరూరా చాటింపు వేయించాలి. ప్రజలు కూడా నెత్తురు ఆగిందని సంతోషించక, ఎందుకు వచ్చిందో తేల్చుకోవాలి.