పనిముట్టు ఎవరి కొలతకు?

వానలు వెనుదిరిగిన పిమ్మట మెట్ట ప్రాంతాల్లో కంప కొట్టే పని మొదలవుతుంది. గట్ల మీద, బీళ్లలో అల్లుకున్న సర్కారు తుమ్మను నరికి నేలను తిరిగి సాగులోకి తెచ్చే ఈ పని ఎంత కఠినమైనదో పల్లె నుండి వచ్చిన మన సభ్యులకు చెప్పనవసరం లేదు. రైలు మార్గం పొడవునా, సిగ్నళ్లూ లెవెల్ క్రాసింగులూ కనుమరుగు కాకుండా పొదలు కొట్టేది నిన్నటి గ్యాంగ్‌మెన్, నేటి ట్రాక్ మెయింటైనర్లు. గ్రామీణ డాక్ సేవకులలో సేద్యం మీద కూడా ఆధారపడిన వారు అనేకులు. కనుక కంప కొట్టే చేతి పనిముట్టును గురించి ఇక్కడ చర్చించడం అప్రస్తుతం కాదని మా అభిప్రాయం.

వంటచెరకు కోసం 1877 ప్రాంతంలో మన దేశానికి తెచ్చిన ఈ చెట్టును నేలమట్టానికి నరికితే, మొదలు నుండి మరల అనేక పిలకలు వేస్తుంది. అందువలన ఒక్క కత్తితో పని తీరదు. పంగలకర్రతో ముళ్లకొమ్మను ఎత్తిపట్టాలి; మచ్చుకత్తితో నరకాలి; లావు మానుకు గొడ్డలి ఎత్తాలి; చివరకు గడ్డపారతో మొదలును పెకలించాలి. కత్తికి పిడి, గొడ్డలికి కామ ఎంత పొడవున్నదో దానిని బట్టే కూలీ నడుము ఎంత వంగాలో నిర్ణయమవుతుంది. పిడి పొట్టిదైతే ముల్లు ముఖానికి చేరువవుతుంది. అంచు మొద్దుబారితే రెండు దెబ్బల పనికి ఐదు దెబ్బలు కావాలి.

ఇది చిన్న విషయమని తలచేవారు అమెరికాలోని కాలిఫోర్నియా అనుభవాన్ని పరిశీలించాలి. అక్కడి లెట్యూస్, చక్కెర దుంప పొలాల్లో కూలీలు రెండడుగులైనా లేని కామ గల కలుపు పారతో దినమంతా వంగి పనిచేసేవారు. పొడవు కామతో పంట చెడుతుందని యజమానులు వాదించారు. ప్రమాదకర పనిముట్ల నిబంధన విరిగిన, చెడిపోయిన వాటికే వర్తిస్తుందని అధికారులు కూలీల అర్జీని త్రోసిపుచ్చారు. 1975 లో ఆ రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానం ఈ వాదాన్ని తిరస్కరించింది. చెక్కుచెదరని పనిముట్టు సైతం, దానిని వాడే తీరు వలన దేహానికి హాని చేస్తే, ప్రమాదకరమైనదేనని తేల్చింది. పొట్టి పార పోయింది. లెట్యూస్ సాగు మాత్రం ఆగలేదు. అయితే కొన్ని చోట్ల యజమానులు కూలీల చేత వంగి వట్టి చేతులతోనే కలుపు తీయించసాగారు. దానిని కట్టడి చేసే నిబంధన 2004 లో గాని రాలేదు. గెలిచిన హక్కును కనిపెట్టుకుని ఉండకపోతే అది వేరొక దారిన జారిపోతుందనడానికి ఇదే నిదర్శనం.

యంత్రాలు వస్తున్నవి కదా అని కొందరంటారు. రావలసిందే. కాని గట్టు వాలులోనూ, రాతి సందులలోనూ నేటికీ మనిషి చేయే పనిచేస్తున్నది. ఆ చేతికి ఏ పనిముట్టు తగునో కొనుగోలు కాగితం మీద సంతకం చేసేవారు ఒంటరిగా నిర్ణయించరాదు.

కనుక ప్రతి శాఖా ఈ క్రింది కోర్కెలను ముందుకు తేవాలి. పనిముట్లను కొనే ముందు వాడేవారి చేతికిచ్చి పరీక్షించాలి. అంచు పదును పెట్టే సమయాన్ని పని వేళలలోనే లెక్కించాలి. ముల్లు దిగని బూట్లు, చేతి తొడుగులు సకాలంలో అందించాలి. పల్లెలో సొంత కత్తితో కూలికి వచ్చేవారికి ఆ కత్తి అరుగుదలను కూలిలో కలిపి ఇవ్వాలని మన సభ్యులు తమ తమ గ్రామాల్లో వాదించాలి. తామే కూలీలను పిలిచినప్పుడు ముందుగా తామే ఆచరించాలి. నడుము వంచేవాని మాట వినకుండా తయారైన పనిముట్టు ఎంత పదునైనదైనా సగం పనిముట్టే.