ఫెలోలు పేషీలో కాదు, మునిసిపల్ కౌంటర్ దగ్గర కూర్చోవాలి

సొంత ఊరికి ఏదైనా చేయాలి అనుకోగానే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది పల్లె. బడికి రెండు గదులు, మంచినీటి ప్లాంటు, గుడికి ప్రహరీ, ఊరి మొదట్లో తాతగారి పేరుతో ఒక ఆర్చి. ఇవేవీ తప్పు పనులు కావు. కానీ ఆ పల్లెలో మనతో గోళీలాడినవాళ్ళలో ఎంతమంది ఇప్పుడు అక్కడున్నారు? ఒకరు హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ వాచ్‌మన్. ఒకరు విజయవాడలో ఆటో నడుపుతున్నారు. ఇంకొకరి భార్య విశాఖలో నాలుగిళ్ళలో పనిచేస్తోంది. పేదరికం ఎప్పుడో బస్సెక్కి పట్నం చేరింది. మన విరాళాలు మాత్రం ఇంకా ఊళ్ళోనే దిగుతున్నాయి.

పట్నంలో పేదవాడికి ఆర్చి అవసరం లేదు. అతనికి కావలసింది రేషన్ కార్డు, పింఛను, పుట్టిన తేదీ సర్టిఫికెట్, తోపుడుబండి పెట్టుకోవడానికి గుర్తింపు కార్డు. ఇవన్నీ ఏదో ఒక ఆఫీసులో, ఏదో ఒక కౌంటర్ వెనకాల ఉంటాయి. అక్కడ పని జరిగితే అతని నెల గడుస్తుంది, జరగకపోతే అప్పు చేస్తాడు. అందుకే ఈసారి మనవాళ్ళెవరూ పెద్దగా మాట్లాడని ఒక విషయం మీ ముందు పెడుతున్నాను. చదువు పూర్తయిన యువతీయువకులు ఏడాదో రెండేళ్ళో నగర ప్రభుత్వంలో పేదల కోసం పనిచేసే ఫెలోషిప్‌లు మన నగరాలకూ కావాలి. అయితే అవి ఎక్కడ, ఎవరి కింద ఉండాలన్నదే అసలు ప్రశ్న.

అమెరికాలో ఇది కొత్త ఆలోచన కాదు. 1964లో అధ్యక్షుడు జాన్సన్ పేదరికంపై యుద్ధం ప్రకటించారు. మరుసటి ఏడాదే విస్టా అనే కార్యక్రమం మొదలైంది. అందులో చేరినవాళ్ళు ఏడాది పాటు పేదల బస్తీల్లో పనిచేస్తారు. ఎవరి మధ్య పనిచేస్తున్నారో దాదాపు వాళ్ళ స్థాయిలోనే బతకాలన్న ఉద్దేశంతో భత్యం కూడా పేదరిక రేఖకు దగ్గరగానే ఇస్తారు. న్యూయార్క్ నగరం 1969లో, జాన్ లిండ్సే మేయర్‌గా ఉండగా, అర్బన్ ఫెలోస్ కార్యక్రమం ప్రారంభించింది. కాలేజీ ముగించినవాళ్ళు తొమ్మిది నెలలు ఏదో ఒక నగర శాఖలో పూర్తికాలం పనిచేస్తూ, నగరం ఎలా నడుస్తుందో సెమినార్లలో నేర్చుకుంటారు. మేయర్లు మారారు, పార్టీలు మారాయి, కార్యక్రమం దశాబ్దాల పాటు సాగింది. అది ఒక నాయకుడి ముచ్చటగా కాక నగరానికి అలవాటుగా మారడమే కారణం.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని కాబట్టి నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మా బే ఏరియా ఉదాహరణ. 2009లో మొదలైన కోడ్ ఫర్ అమెరికా సంస్థ, మన వృత్తిలోని కుర్రాళ్ళని ఏడాది పాటు నగర ప్రభుత్వాల్లోకి ఫెలోలుగా పంపేది. 2013లో అలాంటి ఒక చిన్న బృందం శాన్ ఫ్రాన్సిస్కో నగరపు సంక్షేమ శాఖలో చేరింది. మనం ఫుడ్ స్టాంపులు అని పిలిచే ఆహార సహాయానికి కాలిఫోర్నియాలో కాల్‌ఫ్రెష్ అని పేరు. అర్హత ఉన్నవాళ్ళు కూడా అందులోంచి ఎందుకు జారిపోతున్నారన్నది వాళ్ళ ముందున్న ప్రశ్న.

వాళ్ళు ముందుగా కోడ్ రాయలేదు. దరఖాస్తు చేసుకునే మనిషి నడిచే దారి మొత్తం నడిచి చూశారు. శాఖ నుంచి వచ్చే ఉత్తరాలు చదివారు. అవి లాయర్ల భాషలో ఉన్నాయి. నిర్ణీత కాలానికొకసారి పంపాల్సిన ఫారం ఒకటి పంపకపోతే సహాయం ఆగిపోతుంది. ఆగిపోయిందన్న సంగతి చాలామందికి ఉత్తరం వల్ల కాదు, కిరాణా దుకాణంలో సరుకులు కౌంటర్ మీద పెట్టి కార్డు గీసినప్పుడు తెలిసేది. వెనక క్యూ, పక్కన పిల్లలు. ఆ తర్వాత మళ్ళీ మొదటి నుంచి దరఖాస్తు. అదే మనిషి కోసం ఆఫీసు అదే పని రెండోసారి చేసేది. ఫెలోలు చేసిన మొదటి పని చాలా చిన్నది. కార్డు ఆగిపోయే ప్రమాదం ఉన్నవాళ్ళ ఫోనుకి ముందుగానే మామూలు మాటల్లో ఒక ఎస్సెమ్మెస్ వెళ్ళే ఏర్పాటు చేశారు.

తర్వాత దరఖాస్తు మీద పడ్డారు. ఆన్‌లైన్ ఫారం యాభైకి పైగా పేజీలు. నింపడానికి గంట దాకా పట్టేది, మొబైల్‌లో నింపడం కుదిరేది కాదు. ఇంట్లో కంప్యూటర్ లేనివాళ్ళ కోసం పెట్టిన పథకానికి కంప్యూటర్ కావాలి! దాన్ని ఫోనులో సుమారు పది నిమిషాల్లో ముగిసేలా మార్చారు. ఆ పనిలోంచి పుట్టిన గెట్‌కాల్‌ఫ్రెష్ సేవ 2019 నాటికి రాష్ట్రంలోని 58 కౌంటీలకూ విస్తరించింది.

దీన్ని ఒక యాప్ గొప్పతనంగా చూస్తే పొరపాటు. ఆ శాఖలో పనిచేసేవాళ్ళు చెడ్డవాళ్ళూ కాదు, తెలివితక్కువవాళ్ళూ కాదు. ఉత్తరాలు పంపేవారికి ఉత్తరాలు తెలుసు, ఇంటర్వ్యూ చేసేవారికి ఇంటర్వ్యూ తెలుసు. ఎవరి మెట్టు వారికి కనబడుతుంది. మొత్తం మెట్లు ఎక్కేది ఆ పేద మనిషి ఒక్కడే. అతని పక్కన నడిచి, చూసింది రాసి, పైవాళ్ళకి చూపించే తీరిక, స్వేచ్ఛ ఉన్న మనిషిని లోపల ఉంచడమే ఫెలోషిప్ అసలు ప్రయోజనం.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. తెలంగాణలో 2016 నుంచి సుమారు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. రకరకాల ప్రభుత్వ రికార్డులను కంప్యూటర్‌తో సరిపోల్చి, అనర్హులని తేల్చి తీసేశారన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. ఒకే పేరున్న ఇద్దరిని ఒకరే అనుకోవడం డేటాబేస్‌తో పనిచేసినవాళ్ళెవరికైనా తెలిసిన తప్పు. మనం రాసే ప్రోగ్రాంలో ఆ తప్పు దొర్లితే ఎవరికో రెండు ఈమెయిళ్ళు వెళ్తాయి. అక్కడ దొర్లితే ఒక ఇంట్లో బియ్యం ఆగిపోతాయి. రద్దయిన కార్డు పట్టుకొని కౌంటర్ దగ్గరికి వచ్చే మొదటి వందమందిని కూర్చోబెట్టి అడిగే మనిషి ఒక్కరున్నా, ఆ సంగతి వారంలో బయటపడేది. సుప్రీంకోర్టు దాకా ఎందుకు వెళ్ళాలి?

నేను కళ్ళారా చూసిన ఒక చిన్న సంగతి చెప్తాను. రెండేళ్ళ కిందట సెలవులో వెళ్ళినప్పుడు, మా వీధిలో పూలమ్ముకునే ఒకామెకి తోడుగా మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళాను. ఊరి పేరు అనవసరం, ఏ ఊరైనా అంతే. వితంతు పింఛను కోసం ఆమె అప్పటికి నాలుగుసార్లు తిరిగింది. ప్రతిసారీ ఒక కొత్త కాగితం అడిగారు. కావలసిన కాగితాలన్నీ ఒకేసారి రాసి ఇచ్చినవాళ్ళు లేరు. తిరిగిన ప్రతి రోజూ ఆమెకి ఒక రోజు బేరం పోయింది. కౌంటర్‌లో ఉన్నాయన విసుక్కోలేదు. “ముగ్గురు చేసే పని ఒక్కణ్ణే చేస్తున్నా బాబూ, ఎవరికని చెప్పను?” అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. ఆమె నాలుగుసార్లు తిరిగిందన్న లెక్క మాత్రం ఏ రికార్డులోనూ లేదు. రికార్డులో ఉన్నది ‘దరఖాస్తు అసంపూర్ణం’ అనే రెండు ముక్కలే.

భారతదేశంలో ఫెలోషిప్‌లు లేవా అంటే ఉన్నాయి. 2012లో కేంద్రం మావోయిస్టు ప్రభావిత జిల్లాల్లో కలెక్టర్లకు సాయంగా ప్రధానమంత్రి గ్రామీణాభివృద్ధి ఫెలోలను నియమించింది. మహారాష్ట్రలో 2015లో, హర్యానాలో 2016లో ముఖ్యమంత్రి పేరుతో కార్యక్రమాలు మొదలయ్యాయి. తెలివైన యువత చేరింది, మంచి పనీ జరిగింది. కానీ గమనించండి, ఇవన్నీ కలెక్టర్ వైపో ముఖ్యమంత్రి వైపో చూసేవి. ఎన్నికైన నగరపాలక సంస్థకు జవాబు చెప్పేవి కావు. పేషీలో కూర్చున్న ఫెలో పవర్‌పాయింట్ బాగా చేస్తాడు. పూలమ్మే ఆమె ఆ గదిలోకి రాదు.

పైగా పేషీ మీద ఆధారపడ్డ ఏర్పాటు పేషీతోనే పోతుంది. ఢిల్లీ ప్రభుత్వం నియమించుకున్న దాదాపు 400 మంది ఫెలోలు, నిపుణులు, సలహాదారులను 2023 జూలైలో లెఫ్టినెంట్ గవర్నర్ ఆమోదంతో తొలగించారు. నియామకాల్లో నిబంధనలు పాటించలేదని ఒక పక్షం, రాజకీయ కక్ష అని మరో పక్షం. ఎవరి మాట నిజమైనా పని ఆగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనంతో వచ్చిన వాలంటీర్ల వ్యవస్థ, 2024లో ప్రభుత్వం మారాక కొనసాగలేదు. పింఛను ఇంటికి తెచ్చిచ్చారని మెచ్చుకున్నవాళ్ళున్నారు, పార్టీ కార్యకర్తలని విమర్శించినవాళ్ళున్నారు. నేను ఆ తగువులోకి పోను. ఒక పార్టీ నీడలో మొలిచింది రెండో పార్టీ ఎండలో నిలవదు అన్నదే నా పాయింటు.

మరి ఎక్కడ నాటాలి? ఆ చోటు రాజ్యాంగమే చూపించింది. 1993లో అమల్లోకి వచ్చిన 74వ సవరణ నగరాలకు అప్పగించదగ్గ 18 అంశాలను పన్నెండో షెడ్యూలులో చేర్చింది. అందులో పట్టణ పేదరిక నిర్మూలన ఒకటి. కానీ మన రాష్ట్రాలు నగరాలకు అధికారం ఇవ్వడం మాట అటుంచి, ఎన్నికలే సకాలంలో పెట్టలేదు. విశాఖ నగరపాలక సంస్థకు 2007 తర్వాత మళ్ళీ ఎన్నికలు జరిగింది 2021లో. అన్నేళ్ళలో చాలాకాలం నగరానికి మేయరూ లేడు, కార్పొరేటర్లూ లేరు. కౌంటర్ దగ్గర జరిగే అన్యాయం గురించి ఎవరిని నిలదీయాలి?

కాబట్టి నా ప్రతిపాదన ఇది. ఫెలోషిప్ కార్పొరేషన్ కౌన్సిల్ తీర్మానంతో ఏర్పడాలి. స్టైపెండు కార్పొరేషన్ బడ్జెట్ నుంచే రావాలి. ఎంపిక రాతపూర్వక నిబంధనలతో, బహిరంగంగా జరగాలి. కనీసం సగం మంది ఆ నగరపు బస్తీల్లో పెరిగినవాళ్ళు అయ్యుండాలి. పాతబస్తీలో ఉర్దూ రాని ఫెలో ఏం వింటాడు? ప్రతి ఫెలోకి ఒక కౌంటర్, ఒక పర్మనెంటు ఉద్యోగి తోడు. ఫెలో వెళ్ళిపోయాక ఆ పని కొనసాగించేది ఆ ఉద్యోగే. దరఖాస్తుకి ఎన్ని రోజులు పట్టింది, మనిషి ఎన్నిసార్లు తిరిగాడు, తిరస్కరిస్తే కారణమేమిటి అన్న మూడు లెక్కలు మూడు నెలలకొకసారి వార్డు ఆఫీసు గోడ మీద అంటించాలి.

ఖర్చెంత? నెలకు 50,000 చొప్పున 50 మంది ఫెలోలకు ఏడాదికి మూడు కోట్లు. హైదరాబాద్ కార్పొరేషన్ 2025-26 బడ్జెట్ 8,000 కోట్లు దాటింది. అంటే బడ్జెట్‌లో ప్రతి పదివేల రూపాయలకి నాలుగు రూపాయల లోపు.

ఆ మూడు కోట్లు మనమే పోగుచేయొచ్చు కదా అని మీలో కొందరు అడుగుతారు. చేయొచ్చు. చేయకూడదనే నా అభిప్రాయం. డబ్బు డల్లాస్ నుంచి వస్తే నివేదిక డల్లాస్‌కే వస్తుంది. పూలమ్మే ఆమెకి ఓటుంది. ఆ ఫెలో ఆమె కార్పొరేటర్‌కి జవాబు చెప్పాలి గానీ మనకి కాదు. మనం ఇవ్వగలిగినవి వేరే ఉన్నాయి. ఫారాన్ని పది నిమిషాలకి ఎలా కుదించాలో, రికార్డులు సరిపోల్చేటప్పుడు తప్పులు ఎలా పట్టుకోవాలో మనకి తెలుసు. వారానికి రెండు గంటలు ఒక ఫెలోకి వెనకుండి చెప్పడం మనలో ఎవరికీ భారం కాదు.

పర్మనెంటు ఉద్యోగాలు ఎగ్గొట్టడానికి ఇదొక అడ్డదారి అవుతుందనేవాళ్ళ భయం న్యాయమైనదే. అందుకే ఖాళీ పోస్టులో ఫెలోని కూర్చోబెట్టకూడదని తీర్మానంలోనే రాయాలి. మరో అనుమానం మా బాబాయి కూతురిది. నిరుడు బీటెక్ పూర్తిచేసింది. “అన్నయ్యా, రెండేళ్ళు మునిసిపాలిటీలో పనిచేశానంటే రేపు నాకు ఉద్యోగమెవరిస్తారు?” అని అడిగింది. ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది మనమే. ఇంటర్వ్యూ టేబుల్‌కి ఇటువైపు కూర్చుంటున్నది ఇప్పుడు మనవాళ్ళే కదా. యాభై పేజీల ఫారంలో మనుషులు ఎక్కడ ఆగిపోతున్నారో కనిపెట్టిన అమ్మాయి, మన టీముకి పనికిరాదా? ఆ ఏడాదిని అనుభవంగా లెక్కేస్తామని మన కంపెనీల్లో మనం చెప్పగలిగితే చాలు.

ఈసారి సెలవులకి వెళ్ళినప్పుడు ఒక్క పూట మీ ఊరి మునిసిపల్ ఆఫీసు వరండాలో కూర్చోండి. ఎవరెన్నోసారి తిరుగుతున్నారో అడిగి రాసుకోండి. ఆ కాగితం మీ కార్పొరేటర్‌కి ఇవ్వండి. అసలు కార్పొరేటరే లేకపోతే, ఎన్నికలు ఎప్పుడు పెడతారని మీ ఎమ్మెల్యేని అడగండి. మునిసిపల్ ఎన్నికలు వచ్చినప్పుడు ఏ పార్టీ నాయకుడు విరాళానికి మన దగ్గరికి వచ్చినా, చెక్కు రాసేముందు ఈ ఫెలోషిప్ తీర్మానం గురించి అడగండి. ఆర్చి కట్టించమని అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. కౌంటర్ దగ్గర ఇంకో కుర్చీ వేయమని అడిగేవాళ్ళే లేరు.