శాతం ఒక్కటే చాలదు

అడవి ఎంత శాతం ఉందో చూసి దేశాలకు ర్యాంకులు ఇచ్చేస్తాం. ఇది నేను ఒప్పుకోను. దక్షిణ అమెరికాలోని సురినామ్, మన ఆసియాలోని భూటాన్ రెండూ చిన్న దేశాలే. ఏ ఒక్కదాంట్లోనూ పది లక్షల జనం లేరు. సురినామ్ నేలలో 90 శాతం పైగా అడవే. భూటాన్‌లో సుమారు 70 శాతం. మార్కుల లెక్కన సురినామే ఫస్టు.

కానీ ఆ అడవికి కాపలా ఏది? భూటాన్ 2008లో రాజ్యాంగంలోనే రాసుకుంది: కనీసం 60 శాతం నేల ఎప్పటికీ అడవిగా ఉండాల్సిందే. రేపు ఏ ప్రభుత్వం వచ్చినా ఆ గీత దాటకూడదు. సురినామ్ కూడా 1998లో పెద్ద అభయారణ్యం ఏర్పాటు చేసింది, కాదనను. అయినా మిగతా చోట్ల బంగారం కోసం చెట్లు కొట్టేస్తున్నారు, నదుల్లో పాదరసం కలుస్తోంది. తరతరాలుగా అడవిలోనే బతుకుతున్న సరామకా ప్రజలను సరిగ్గా అడగకుండానే వాళ్ల నేలలో కలప కంపెనీలకు అనుమతులిచ్చారు. వాళ్లు అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టు దాకా వెళ్లి 2007లో గెలిచారు. తమ ఊరి చెట్టు కోసం దేశం దాటి కోర్టుకెక్కాలా?

"భూటాన్ కొండల దేశం, అక్కడ నరకడమే కష్టం, అందుకే మిగిలింది" అంటారు కొందరు. కొండలైతే నరకరా? మరి మన హిమాలయాల్లో 1973లో చిప్కో ఉద్యమం ఎందుకొచ్చింది? చెట్లను కౌగిలించుకుని ఎందుకు కాపాడుకోవాల్సి వచ్చింది?

అందుకే నా ఓటు భూటాన్‌కే. ఈసారి శాతాల పట్టిక చూసినప్పుడు, ఆ అడవిని రేపు ఎవరు కాపాడతారో కూడా అడగండి.