నెలనెలా కడుపునొప్పి: ఆపరేషన్‌కు ఒప్పుకొనే ముందు



సంఘములోని స్త్రీలు పాస్టరమ్మగారితో మాత్రమే మెల్లగా చెప్పుకొనే బాధ ఒకటి ఉన్నది. బహిష్టు వచ్చిన ప్రతి నెలా లేవలేనంత కడుపునొప్పి, నడుమునొప్పి, కాపురములో నొప్పి, పెండ్లయి ఏండ్లు గడిచినా గర్భము నిలువకపోవుట. స్కానింగ్ చూచి డాక్టరుగారు ఎండోమెట్రియోసిస్ అంటారు, లేదా చాక్లెట్ సిస్ట్ అంటారు. ఆపరేషన్ మాట వస్తుంది. ఇంటిలో ఒకరు గర్భసంచి తీయించేయమంటారు, మరొకరు ప్రార్థన చాలునంటారు. నొప్పి పడే బిడ్డను మాత్రం ఎవరూ అడుగరు. ఈ నెల ఆ సంగతే మాట్లాడుకొందాము.

గర్భసంచి లోపల ఉండే పొర వంటిదే బయట కూడ, అండాశయముల మీద, గర్భసంచి వెనుక, కొందరికి పేగుల మీద పెరగడమే ఈ జబ్బు. అది నెలనెలా వాచి రక్తము కారుస్తుంది. ఆ రక్తము బయటికి పోయే దారి లేక లోపలి అవయవములు ఒకదానికొకటి అతుక్కొంటాయి. అండాశయములో నిలిచిన పాత రక్తమే చాక్లెట్ సిస్ట్. ఇది కాన్సరు కాదు. పిల్లలు కనే వయస్సులో ఉన్న స్త్రీలలో సుమారు పదిమందిలో ఒకరికి ఈ జబ్బు ఉంటుంది. కనుక దీనిని శాపమనీ, పాపఫలమనీ ఎవరూ అనకూడదు.

అందరికీ ఆపరేషన్ అవసరము లేదు. నొప్పి మాత్రలతోను, హార్మోను మాత్రలతోను చాలమందికి నెమ్మది కలుగుతుంది. అయితే హార్మోను మాత్రలు గర్భము కొరకు ఎదురుచూచేవారికి సరిపడవు. మానిన తరువాత నొప్పి తిరిగి రావచ్చును.

మందులతో తగ్గనప్పుడు, సిస్ట్ పెద్దదైనప్పుడు లాపరోస్కోపీ చేస్తారు. చిన్న రంధ్రములగుండా జబ్బు ఉన్న భాగమును మాత్రమే తీసివేసి గర్భసంచిని ఉంచుతారు. అనేకులకు నొప్పి తగ్గుతుంది, కొందరికి గర్భము నిలిచే అవకాశము పెరుగుతుంది. కాని జబ్బు మరల రావచ్చును. అండాశయము మీది సిస్ట్ తీసేటప్పుడు అండములు కూడ కొంత తగ్గవచ్చును. కనుక పిల్లలు కావలసినవారు ఆ సంగతి డాక్టరుతో ముందే మాట్లాడాలి.

గర్భసంచి తీయడము వేరు సంగతి. జబ్బు బయట మిగిలి ఉంటే గర్భసంచి తీసినా నొప్పి పోకపోవచ్చును. చిన్న వయస్సులో రెండు అండాశయములూ తీస్తే ముట్లు ముందే ఆగిపోయి ఎముకలు, గుండె దెబ్బతినవచ్చును. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశము మొత్తము మీద నూటికి ముగ్గురు. మన ఆంధ్ర, తెలంగాణలలో ఎనిమిది, తొమ్మిది మంది! అనవసరపు ఆపరేషన్లను ఆపుటకు కేంద్ర ప్రభుత్వము 2022లో నియమములు ఇచ్చింది. వాటిని అమలుచేయమని సుప్రీంకోర్టు 2023లో రాష్ట్రములను ఆదేశించింది.

కాగితము మీద సంతకము పెట్టక ముందు డాక్టరుగారిని ఇవి అడగండి:

1. మందులతో కొన్ని నెలలు చూడవచ్చునా?
2. ఏమి తీస్తారు, ఏమి ఉంచుతారు?
3. తరువాత పిల్లలు కలిగే అవకాశము ఎంత?
4. నొప్పి మరల వస్తే ఏమి చేయాలి?
5. మొత్తము ఖర్చు ఎంత? ప్రభుత్వ ఆరోగ్య పథకము క్రిందికి వస్తుందా?

ఇంకొక స్త్రీవైద్య నిపుణురాలికి కాగితములు చూపించడము తప్పు కాదు. అయితే అకస్మాత్తుగా భరింపరాని నొప్పి వచ్చి, వాంతులు గాని కళ్ళు తిరగడము గాని ఉంటే ఆలస్యము చేయక ఆసుపత్రికి వెళ్ళండి.

భర్తలారా, ఆసుపత్రికి మీరే వెంట వెళ్ళండి, ఆమె పక్కన కూర్చుండి వినండి. అత్తగార్లారా, బిడ్డలు లేరని కోడలిని నొప్పించకండి. ఆమె శరీరమును గూర్చిన నిర్ణయములో ఆమె మాటే ముందుండాలి.

ప్రార్థన, వైద్యము ఒకదానికొకటి విరోధము కావు. సువార్తికుడైన లూకా వైద్యుడే. 1883లో గుంటూరు వచ్చిన మిషనరీ డాక్టరు అన్నా కుగ్లరమ్మగారు 1898లో అక్కడ ఆసుపత్రి తెరచి, మగవైద్యునికి చెప్పుకొనలేని మన అవ్వల బాధలు విన్నారు. పండ్రెండేండ్లు రక్తస్రావముతో బాధపడి, ఉన్నదంతా వైద్యులకు వెచ్చించిన స్త్రీని ప్రభువు గద్దించలేదు. జనసమూహము ఎదుట ఆమె తన సంగతి యావత్తూ చెప్పుకొనే వరకు నిలిచి విని, ఆమెను కుమారీ అని పిలిచాడు. మన ఇండ్లలో బాధపడే కుమార్తెలకు కూడ ముందుగా కావలసినది వినే చెవులే.

ప్రభువు మీ ఇంటికి జ్ఞానమును, నెమ్మదిని దయచేయును గాక. ఆమేన్.