ఇల్లు మనది, తాళపుచెవి యెవరిది?

రొంపిచెర్ల విద్యార్థి యొకడు రాత్రి బాగుగానే మూసిన లాప్‌టాప్ ఉదయమున తెరువబడలేదు. రాత్రివేళ దానియంతట నదియే అప్‌డేట్ చేసికొని, తెల్లవారుసరికి నీలితెరపై 48 అంకెల సంఖ్యను చెప్పుమని యజమానినే నిలదీసినది. నరసరావుపేటలో నొక దుకాణమువారు, లోనున్నదంతయు తుడిచి విండోస్‌ను మరల నెక్కించుటకంటె గత్యంతరము లేదనిరి. మూడేండ్ల చదువు అందున్నది. బాలుడు మాయొద్దకు వచ్చెను.

మేము యంత్రజ్ఞులము గాము. కాని దస్తావేజు ఎవరిపేర నున్నదని యడుగుట మా వృత్తి. అడుగగా తేలినదేమన, లాప్‌టాప్ కొన్ననాడు అంగడి గుమాస్తా తన ఈమెయిలుతోనే ఖాతా తెరచి యిచ్చినాడు. బిట్‌లాకరు తాళపు సంఖ్య ఆ ఖాతాలో భద్రముగా నున్నది! ఫోనుమీద దానిని రాబట్టితిమి. సంఖ్య నిచ్చినను యంత్రము లేవలేదు. పవర్ బొత్తామును నొక్కిపట్టి రెండుమూడు మార్లు నడుమనే ఆపగా మరమ్మతు తెర వచ్చినది. అందు కడపటి అప్‌డేట్‌ను తీసివేసిన పిమ్మట లేచినది. ఒక్క కాగితమైనను పోలేదు. ఆ గుమాస్తా ఊరు విడిచి పోయియుండిన నేమగును?

ఇది యొక్క పల్నాటి సంగతి గాదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అను అమెరికా సంస్థ పంపిన దోషపు ఫైలువలన, మైక్రోసాఫ్టు లెక్కప్రకారము, 85 లక్షల విండోస్ యంత్రములు ప్రపంచమంతట నొక్కమారుగా కూలినవి. హైదరాబాదు విమానాశ్రయమున చేతివ్రాత బోర్డింగు పాసులు కనబడినవి. దోషమును గంటన్నరలోపుగనే సవరించిరి గాని, పడిపోయిన యంత్రములలో పెక్కింటికి ఆ సవరణ చేరదయ్యెను. ఒక్కొక్కదానికడకు మనిషి పోయి, సేఫ్ మోడ్‌లో తెరచి, ఆ ఫైలును తుడువవలసి వచ్చినది; బిట్‌లాకరు వేసినచోట మరల నా 48 అంకెలే. 2025 అక్టోబరు 14 నాటి విండోస్ 11 అప్‌డేట్ మరియొక వింత చేసినది: మరమ్మతు తెరలోనే యూఎస్‌బీ కీబోర్డును, మౌసును పనిచేయనీయలేదు. సవరణ 20వ తేదీకి గాని రాలేదు. వైద్యుడే మంచమెక్కిన చందము!

అట్లని అప్‌డేట్లను మానుడని మేము చెప్పము. 2017 మేలో వన్నాక్రై వ్యాపించి గుంటూరు మొదలగు జిల్లాలలో పోలీసుశాఖ కంప్యూటర్లను సైతము పట్టినది; దానిని వారింపగల సవరణ మార్చిలోనే వెలువడియుండెను. 1921లో పుల్లరి చెల్లింపమన్న పల్నాటివారు అడవి వలదనలేదు. అడవిపై పరుల పెత్తనము వలదనిరి. మేమును అంతియే కోరుచున్నాము. లాప్‌టాప్ అమ్మువారు కొనువాని పేరనే ఖాతా తెరచి, తాళపు సంఖ్యను కాగితముపై వానిచేతి కీయవలెను. ప్రభుత్వ కార్యాలయములలో ప్రతి అప్‌డేట్‌ను ముందు రెండుమూడు యంత్రములపై పరీక్షించి, పిదప తక్కినవానికి విడువవలెను. ఆపదవేళ కనబడు తెర తెలుగున నుండవలెనని ప్రభుత్వము కంపెనీలను పట్టుబట్టవలెను. కొనుగోలుదారుగా దానికా బలము కలదు.

విద్యార్థులు ప్రభుత్వముకొరకు వేచియుండ నక్కరలేదు. ఈ వారమే తమ ఖాతా తెరచి, ఆ సంఖ్యను వెదకి, కాగితముపై వ్రాసి, లాప్‌టాప్ సంచిలో గాక యింటి పట్టాదారు పాసుపుస్తకము ప్రక్కన పెట్టుదురుగాక.